తీరం ఎవరి లెక్కలో కోలుకుంటుంది?

పాడైన తీరాలను మళ్లీ బాగుచేయాలన్న మాట ఇప్పుడు ప్రభుత్వాల నోటా, దాతృత్వ సంస్థల నోటా, పెద్ద కంపెనీల నివేదికల్లోనూ వినిపిస్తోంది. ఐక్యరాజ్య సమితి 2021 నుంచి 2030 దాకా పదేళ్లను జీవావరణాల పునరుద్ధరణ దశాబ్దంగా ప్రకటించింది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒడంబడిక, దెబ్బతిన్న నేలల్లో, నదుల్లో, తీరాల్లో, సముద్రాల్లో కనీసం 30 శాతం చోట 2030 కల్లా పునరుద్ధరణ సాగుతూ ఉండాలని లక్ష్యం పెట్టింది. డబ్బు వస్తోంది. మొక్కలు నాటుతున్నారు, పగడపు ముక్కలు అతికిస్తున్నారు, ఆల్చిప్పలను పడవల్లో తెచ్చి నీళ్లలో వదులుతున్నారు. కానీ పని మొదలుపెట్టకముందే తేల్చుకోవలసినవి మూడున్నాయి. ఏ స్థితికి తీసుకురావాలి? ఎవరి కోసం? బాగైందని చెప్పే అధికారం ఎవరిది? నీటి ఉప్పదనం కొలిచే పరికరం గానీ, ఉపగ్రహ చిత్రం గానీ వీటికి జవాబివ్వలేదు. ఇవి విలువల ప్రశ్నలు.

గత మూడు నాలుగు దశాబ్దాల్లో ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పినవాళ్లు ఎక్కువగా మూలవాసులే. ఉత్తర పసిఫిక్ తీరంలోని హైడా, హెయిల్ట్‌సుక్, స్వినోమిష్, క్లాలమ్ జాతులు, హవాయి ప్రజలు, న్యూజిలాండ్ మావోరీలు, ఫిజీ గ్రామాలు, ఆస్ట్రేలియా ఆదివాసులు తమ తమ తీరాల్లో చేసిన పనులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్ల దృష్టిలో సముద్రం బాగుపడటమంటే మనుషులు అందులోకి మళ్లీ దిగగలగడం, ఏరుకోగలగడం, తినగలగడం, పిల్లలకు నేర్పగలగడం. మనిషిని బయటికి పంపి గేటు వేస్తే ప్రకృతి తనంతట తాను కోలుకుంటుందన్న ఆలోచన వాళ్లది కాదు. ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఈ విలువలకు హక్కు, అధికారం తోడైన చోట పని నిలిచింది. వాటిని పీఠికలో రాసుకుని నిర్ణయాలు మాత్రం రాజధానిలో తీసుకున్న చోట నిలవలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో సముద్ర శాస్త్రం చాలాకాలం మనిషి చేయి పడని తీరాన్నే ఆరోగ్యానికి కొలమానంగా పెట్టుకుంది. ఆ నమ్మకానికి మొదట గట్టిగా ఎదురు చెప్పినవాళ్లలో రాబర్ట్ జోహానెస్ ఒకడు. పలావు దీవుల జాలర్లతో కూర్చుని వాళ్లకు తెలిసినదంతా రాసుకున్న ఈ శాస్త్రవేత్త 1978లో ఒక సమీక్ష ప్రచురించాడు. మూసివేత కాలాలు, మూసివేత ప్రాంతాలు, పరిమాణ పరిమితులు, గుడ్లు పెట్టే చేపలను వదిలేయడం వంటి నేటి మత్స్యశాఖల నియమాల్లో దాదాపు ప్రతిదీ పసిఫిక్ దీవుల్లో శతాబ్దాల క్రితమే అమల్లో ఉందని అందులో చూపించాడు. 1981లో వచ్చిన ఆయన పలావు పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ చదవాల్సిందే. అప్పటి నుంచి ఆధారాలు పెరుగుతూనే వచ్చాయి. మనం అడవి తీరం అనుకున్నవి చాలావరకు మనుషులు తరతరాలుగా సాగు చేసిన తీరాలని ఆ ఆధారాలు చెబుతున్నాయి.

కెనడా పశ్చిమ తీరంలోని గుల్లల తోటలే ఇందుకు మంచి ఉదాహరణ. 1995లో జాన్ హార్పర్ అనే భూస్వరూప శాస్త్రవేత్త విమానంలోంచి తీరాన్ని పరిశీలిస్తుండగా, సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ నీటి అంచు వెంట వరసగా రాతి కట్టలు కనిపించాయి. సహజంగా ఏర్పడ్డవని చెప్పడానికి ఆయనకు దారి దొరకలేదు. తర్వాత క్వాక్వకావాక్వ్ జాతి పెద్ద ఆడమ్ డిక్ వాటి సంగతి వివరించాడు. పాటు వేళ నీళ్లు అందుకునే చిట్టచివరి గీత దగ్గర ముత్తాతలు రాళ్లు దొర్లించి కట్ట కట్టేవారు. కట్ట వెనక ఇసుకా పెంకులూ చేరి, వాలుగా ఉన్న తీరం చదునుగా మారేది. గుల్లలకు సరిపడే ఎత్తులో నేల విస్తారం పెరిగేది. తవ్వినప్పుడల్లా ఇసుక తిరగబడి గాలి ఆడేది. చిన్నవాటిని అక్కడే వదిలేసేవారు. 2014లో క్వాడ్రా దీవిలో చేసిన అధ్యయనంలో, కట్టలున్న తీరాల్లో బటర్ గుల్లలు మామూలు తీరాల కంటే నాలుగు రెట్లు, లిటిల్‌నెక్ గుల్లలు రెండు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. 2019లో అదే దీవిలో జరిపిన కాల నిర్ణయం, వీటిలో కొన్ని కనీసం 3,500 ఏళ్ల నాటివని చెప్పింది. అంటే అంతకాలం మనుషులు తింటూనే ఉన్నారు, తీరం ఇస్తూనే ఉంది.

ఈ తోటలు పాడుపడటానికి తుఫానులు కారణం కాదు. వలస పాలన ఆ జాతులను చిన్న చిన్న రిజర్వులకు తరిమింది, పిల్లలను బోర్డింగ్ బడులకు లాక్కెళ్లింది, వ్యాధులు ఊళ్లను ఖాళీ చేశాయి. రాళ్లు ఎత్తిపెట్టే చేతులు లేకుండా పోయాయి. అందుకే ఇక్కడ పునరుద్ధరణంటే ముందుగా ఆ చేతులు తిరిగి రావాలి. గల్ఫ్ దీవుల జాతీయ పార్కులో 2014 నుంచి హుల్‌కుమీనమ్, వ్సానెచ్ జాతులతో కలిసి రెండు పాత తోటలను మళ్లీ నిలబెడుతున్నారు. శీతకాలంలో అక్కడ సముద్రం బాగా తగ్గేది రాత్రిళ్లే కాబట్టి దీపాల వెలుగులో పెద్దలూ పిల్లలూ రాళ్లు సర్దుతారు. సరిహద్దుకు దక్షిణాన, వాషింగ్టన్ రాష్ట్రంలో స్వినోమిష్ తెగ 2022లో కికెట్ దీవి దగ్గర ఏకంగా కొత్త తోట కట్టింది. అమెరికాలో ఈ కాలంలో కట్టిన మొదటి గుల్లల తోటగా దాన్ని చెబుతారు. పెరిగే సముద్ర మట్టానికీ వేడెక్కే నీళ్లకూ తట్టుకునేలా పాత పద్ధతిని ముందుకు తీసుకెళ్లాలన్నది వాళ్ల ఉద్దేశం. పునరుద్ధరణ అనే మాటకు ఉన్న వెనకచూపును వాళ్లు అలా సరిచేశారు.

హవాయిలో చేపల చెరువులది కూడా ఇదే దారి, పని మాత్రం ఇంకా పెద్దది. లోతు తక్కువగా ఉన్న తీరాన్ని నల్లరాతి గోడతో చుట్టి, గోడలో తూములు పెట్టి, తూములకు సన్నని కర్రల అడ్డు కడతారు. ఏటి నీరు తెచ్చిన పోషకాలతో చెరువులో నాచు పెరుగుతుంది. దానికోసం మల్లెట్, పాలబొంత పిల్లలు సందుల్లోంచి లోపలికి దూరతాయి. లోపల బలిసిన చేప తిరిగి బయటికి పోలేదు. ఓవాహు దీవిలోని హేయియా చెరువు 88 ఎకరాలు, గోడ పొడవు దాదాపు రెండు కిలోమీటర్లు, వయసు ఆరు నుంచి ఎనిమిది వందల ఏళ్లు. 1965 వరదలో గోడ తెగింది, తెగిన చోటంతా మడ చెట్లు అల్లుకున్నాయి. 2001లో స్థానిక హవాయి యువకులు ఒక సంఘం పెట్టుకుని గోడ కట్టడం మొదలుపెట్టారు. 2015 డిసెంబరులో ఆఖరి గండిని పూడ్చిన రోజున వేలాది మంది చేతులు మార్చుకుంటూ రాళ్లు అందించారు. సిమెంటుతో త్వరగా అయ్యే పనికి పద్నాలుగేళ్లు పట్టింది. ఆ ఆలస్యాన్ని వాళ్లు నష్టంగా చూడలేదు. రాయి మీద రాయి ఎలా కూర్చోవాలో తెలిసిన తరం ఒకటి ఆ ఏళ్లలో తయారైంది.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మనకు మడ అడవి అంటే రక్షణ. కోరంగిలో ఒక్క మడ చెట్టు కొట్టినా అభ్యంతరం చెబుతాం, చెప్పాలి కూడా. హవాయిలో మాత్రం మడ చెట్టు పరాయిది. 1902లో మొలకాయి దీవిలో చెరకు కంపెనీ బురద కొట్టుకుపోకుండా ఫ్లోరిడా నుంచి తెచ్చి నాటింది. అది పాకి చెరువుల గోడల్లోకి వేళ్లు దించింది, బురదను పోగేసింది, తీరపక్షులు దిగే చోట్లను కప్పేసింది. అక్కడ పునరుద్ధరణ అంటే మడను నరకడం. ఒక చోట ప్రాణం పోసే చెట్టు మరో చోట ఊపిరి తీస్తుందని తెలిసినప్పుడు, ఇన్ని కోట్ల మొక్కలు నాటాం అనే ప్రకటనలు ఎంత ఖాళీవో అర్థమవుతుంది. చెట్టు విలువను చెప్పగలిగేది ఆ చోటు చరిత్ర తెలిసినవాళ్లే.

న్యూజిలాండ్‌లో ఒహీవా అనే చిన్న ఉప్పునీటి కయ్య ఉంది. అక్కడి మావోరీ తెగలకు ఆల్చిప్పలు కేవలం ఆహారం కాదు, అతిథి మర్యాద. వచ్చినవాళ్లకు తమ నీళ్ల ఆల్చిప్పలు పెట్టలేకపోతే తల దించుకున్నట్టే. 2007లో అక్కడ పదకొండు కోట్లకు పైగా ఉన్న ఆల్చిప్పలు, పన్నెండేళ్లలో 80 వేల కన్నా తక్కువకు పడిపోయాయి. ఒండ్రు మట్టితో పాటు, పదకొండు చేతుల సముద్ర నక్షత్రాలు లక్షల్లో పెరిగి వాటిని తినేయడం ప్రధాన కారణం. మావోరీ సముద్ర శాస్త్రవేత్త కురా పాల్‌బర్క్ ఆధ్వర్యంలో పని మొదలైనప్పుడు పిల్ల ఆల్చిప్పలు పట్టుకునేందుకు తాళ్లు కావాల్సివచ్చాయి. పరిశ్రమలో వాడేది ప్లాస్టిక్ తాడు. ప్రాణం నిలబెట్టడానికి దించే తాడే సముద్రానికి విషం కాకూడదని తెగల పెద్దలు పట్టుబట్టారు. అల్లికలో ఆరితేరిన మహిళలు నార మొక్కల ఆకులతో, కోర్డిలైన్ చెట్టు ఆకులతో పాత పద్ధతిలో తాళ్లు పేనారు. వాటికి పిల్ల ఆల్చిప్పలు బాగా పట్టుకున్నాయి, తాళ్లు మెల్లగా కుళ్లి నేలలో కలిసిపోయాయి, వాటితోపాటు ఆల్చిప్పలు అడుగుకు చేరి కొత్త గుంపులు కట్టాయి. తర్వాతి సర్వేల్లో వాటి సంఖ్య మళ్లీ కోటి దాటింది. విలువ ఒక పద్ధతిని మార్చిందనడానికి ఇంతకన్నా తేటైన సాక్ష్యం నాకు కనిపించలేదు. సముద్ర నక్షత్రాల అదుపు, ఒడ్డున నేల కోతను ఆపడం కూడా కలిశాయి కాబట్టి ఫలితమంతా తాళ్లదేనని ఎవరూ అనరు. కానీ ప్లాస్టిక్ తప్ప మార్గం లేదన్న మాట మాత్రం అక్కడితో చెల్లకుండా పోయింది.

ఇక్కడిదాకా కథ సాఫీగానే సాగింది. విలువలు, శాస్త్రం ఒకే వైపు నడిచాయి. రెండూ ఎదురుపడ్డ చోటికి వెళ్లాలంటే వాంకూవర్ దీవి పశ్చిమ తీరానికి వెళ్లాలి. సముద్రపు నీటికుక్కలను బొచ్చు వ్యాపారం పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో దాదాపు తుడిచిపెట్టింది. వాటి ప్రధాన ఆహారమైన సీ అర్చిన్లు, అంటే ముళ్ల బంతుల్లాంటి జీవులు, అడ్డూ అదుపూ లేకుండా పెరిగి కెల్ప్ అనే పెద్ద నాచు అడవులను మేసేశాయి. దాంతో 1969 నుంచి 1972 మధ్య అలాస్కా నుంచి 89 నీటికుక్కలను తెచ్చి చెక్లెసెట్ అఖాతంలో వదిలారు. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఇది గొప్ప విజయగాథ. నీటికుక్కలు వేలల్లోకి పెరిగాయి, అర్చిన్లు తగ్గాయి, కెల్ప్ అడవులు తిరిగొచ్చాయి, కెల్ప్‌తోపాటు చేపలూ వచ్చాయి.

ఆ తీరంలో ఉండే నూచానూల్త్ జాతులను మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్లు తినే గుల్లలు, అబలోనీలు, అర్చిన్లు, పీతలు అన్నీ నీటికుక్కల ఆహారమే. కొన్నేళ్లలో ఊరి ముందున్న తీరం ఖాళీ అయింది. పడవ వేసుకుని దూరం పోవాలి, లేదా దుకాణంలో డబ్బాల తిండి కొనాలి. చట్టం నీటికుక్కను ముట్టుకోనివ్వదు. ఆ జాతుల వాదన కెల్ప్‌కు వ్యతిరేకం కాదు. తమ పూర్వీకుల కాలంలో నీటికుక్కలూ ఉన్నాయి, గుల్లలూ ఉన్నాయి, ఊరి దగ్గరి తీరాల్లో నీటికుక్కలను వేటాడి దూరంగా ఉంచేవారు, దూరపు రాళ్ల దగ్గర వాటిని వదిలేసేవారు అంటారు. పాత ఊళ్ల దిబ్బల్లో తవ్వితే దొరికిన ఆల్చిప్పల పరిమాణాలు ఆ మాటను బలపరిచాయి. నీటికుక్కలు విచ్చలవిడిగా ఉండే చోట అంత పెద్ద చిప్పలు మిగలవు. అంటే ఆ తీరం సహజ స్థితి అనుకున్నది నిజానికి మనుషులూ నీటికుక్కలూ ఒకరికొకరు హద్దులు పెట్టుకున్న స్థితి. 2020లో వచ్చిన ఒక పెద్ద ఆర్థిక అధ్యయనం, నీటికుక్కల రాకతో చేపలు, పర్యాటకం, కార్బన్ నిల్వ ద్వారా వచ్చే లాభం గుల్లల నష్టం కంటే చాలా ఎక్కువని లెక్కగట్టింది. ఆ లెక్క తప్పని నేననను. కానీ లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి అయినప్పుడు కూడికతో న్యాయం తేలదు. పర్యాటకుల పడవలు సంపాదించిన డాలర్లు, మనవడికి గుల్ల తవ్వడం నేర్పలేకపోయిన అవ్వకు ఏ రకంగానూ చేరవు.

అదే తీరంలో ఉత్తరంగా ఉన్న హైడా గ్వాయిలో ఈ పాఠాన్ని గుర్తుపెట్టుకుని పనిచేశారు. అక్కడ అప్పటికి నీటికుక్కలు ఇంకా స్థిరపడలేదు. కెల్ప్ మాత్రం అర్చిన్ల పాలైంది. హైడా జాతి మండలి, కెనడా పార్కుల శాఖ కలిసి మర్చిసన్ దీవి దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల తీరాన్ని ఎంచుకుని 2018, 2019లో గజ ఈతగాళ్లతో అర్చిన్లను తగ్గించారు. అంటే నీటికుక్క చేసే పనిని మనుషులు చేశారు. ఏరిన వాటిలో గుడ్లు బాగున్నవాటిని ఊళ్లకు పంపి ఇంటింటికీ పంచారు. అడుగున మిగిలినవాటిని పగలగొట్టి అక్కడే వదిలితే చేపలు తిన్నాయి. మరుసటి ఏడాదికే కెల్ప్ లోతు వైపు పాకింది. తీసేసే జీవిని కూడా గౌరవంతో చూడాలి, వృథా చేయకూడదు అన్నది హైడా నియమం. ఆ నియమం లేకపోతే ఇదే పని పురుగుల మందు కొట్టినట్టు జరిగిపోయేది.

హైడాలకు ఈ అవకాశం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1985లో తమ దీవుల్లో అడవుల నరికివేతను అడ్డుకుంటూ లయల్ దీవి దారి మీద పెద్దలే ముందు కూర్చున్నారు, అరెస్టయ్యారు. ఆ పోరాటం తర్వాత 1993లో గ్వాయి హానాస్ ఒప్పందం కుదిరింది. నేల ఎవరిదన్న విషయంలో హైడాలకూ కెనడాకూ అభిప్రాయభేదం ఉందని ఒప్పందంలోనే రాసుకుని, అయినా కలిసి పాలించాలని నిర్ణయించుకున్నారు. నిర్వహణ మండలిలో ఇద్దరికీ సమాన సభ్యత్వం. 2010లో సముద్రం కూడా అందులో చేరింది. 2018లో నేల, సముద్రం, మనిషి మూడింటినీ ఒకే ప్రణాళిక కిందికి తెచ్చారు. పక్కనే ఉన్న హెయిల్ట్‌సుక్‌లు 2015లో హెర్రింగ్ చేపల వేట ఆపమని సమాఖ్య మత్స్యశాఖ కార్యాలయాన్ని నాలుగు రోజులపాటు ఆక్రమించాల్సివచ్చింది. ఆ తర్వాతే ఉమ్మడి నిర్వహణ మీద మాటలు ముందుకు సాగాయి. విలువలు పరిశోధన పత్రాల్లోకి సంప్రదింపుల ద్వారా వచ్చి ఉండవచ్చు, పాలనలోకి మాత్రం ఇలాంటి ఘర్షణల తర్వాతే వచ్చాయి.

ఎల్వా నది కథ కూడా ఈ కోవదే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ నది మీద 1913లో ఒకటి, 1927లో మరొకటి ఆనకట్టలు కట్టారు. సాల్మన్ చేపలు పైకి పోలేకపోయాయి, ఇసుక కిందికి రాలేకపోయింది. నదీముఖం దగ్గరి తీరం కోసుకుపోయి, ఒకప్పుడు గుల్లలు దొరికిన చోట గులకరాళ్లు మిగిలాయి. లోవర్ ఎల్వా క్లాలమ్ తెగకు 1855 ఒప్పందం ద్వారా చేపల వేట హక్కు ఉంది. 1974లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆ ప్రాంతపు తెగల హక్కులను గట్టిగా నిలబెట్టాడు. చేపే లేకపోతే హక్కుకు అర్థమేమిటన్న ప్రశ్నతో తెగ దశాబ్దాలు పోరాడింది. 2011 నుంచి 2014 మధ్య రెండు ఆనకట్టలూ కూల్చారు. వాటి వెనక పేరుకున్న సుమారు రెండు కోట్ల ఘనపు మీటర్ల మట్టిలో చాలా భాగం సముద్రానికి చేరి కొత్త డెల్టా పెరిగింది, పీతలూ చిన్న చేపలూ ఆ ఇసుకలో గూడు కట్టుకున్నాయి. జలాశయం ఎండినప్పుడు, ఆ జాతి తన పుట్టుక స్థలంగా భావించే చోటు నీళ్లలోంచి బయటపడింది. తెగ మాత్రం వెంటనే వల వేయలేదు. నది కోలుకునే దాకా తమంతట తాము వేట మానుకున్నారు. 2023లో కోహో సాల్మన్ కోసం చిన్నపాటి వేట మళ్లీ తెరిచారు. హక్కు చేతిలో ఉన్నవాళ్లు పన్నెండేళ్లు ఆగారు. హక్కు ఇస్తే తీరాన్ని ఊడ్చేస్తారనే అధికారులు ఈ పన్నెండేళ్లను గుర్తుపెట్టుకోవాలి.

మూసివేతల గురించి కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. పసిఫిక్ దీవుల్లో పెద్దలు ఒక నీటి భాగాన్ని కొంతకాలం మూసేయడం పాత ఆచారం. ఫిజీలో ఉచునివనువా గ్రామం 1997లో 24 హెక్టార్ల బురద నేలను మూసింది. ఏడేళ్లలో లోపల కైకోసో గుల్లలు పదమూడు రెట్లు, పక్కనున్న తెరిచిన నేలలో ఐదు రెట్లు పెరిగాయి. ఆ ఉదాహరణ చూసి వందల గ్రామాలు అదే దారి పట్టాయి. న్యూజిలాండ్‌లో 2021లో వాయిహెకే దీవి చుట్టూ నాలుగు రకాల సముద్ర జీవుల వేట మీద న్గాతీ పావోవా తెగ విధించిన నిషేధాన్ని ఆ ఏడాది చివర ప్రభుత్వం చట్టబద్ధం చేసింది. ఇదంతా నిజమే. కానీ అదే ఫిజీలో కియా దీవి వాళ్లు ఏళ్ల తరబడి కాపాడుకున్న మూసివేతను 2008లో విరాళాల సేకరణ కోసం కొన్ని వారాలు తెరిచేసరికి, పెరిగిన చేపల్లో పెద్ద భాగం ఊడ్చుకుపోయింది, ఏడాది తర్వాత కూడా కోలుకోలేదు. పూర్వం విందు కోసం తెరిచే నీళ్లను ఇప్పుడు మరపడవతో, ఐసు పెట్టెతో, పట్నం మార్కెట్ ధరతో తెరుస్తున్నారు. ఆచారం అదే, దాని వెనకున్న శక్తి మారిపోయింది. మూలవాసుల పద్ధతులన్నీ వాటంతట అవే పర్యావరణానికి మేలు చేస్తాయని రాసే వ్యాసాలు ఆ ప్రజలకు మంచి చేయవు. తప్పు దొర్లిన మొదటి రోజునే వాళ్ల హక్కును ప్రశ్నించడానికి అవి సాకవుతాయి. ప్రభుత్వ మత్స్యశాఖల లెక్కలు తప్పి ఎన్నో చేపల జాతులు కూలాయి, అయినా ఆ శాఖల అధికారాన్ని ఎవరూ రద్దు చేయలేదు.

ఫలితాన్ని ఎలా కొలవాలన్న చర్చ ఈ రంగంలో ఇప్పుడు అన్నిటికన్నా చురుగ్గా ఉంది. స్వినోమిష్ తెగ కోసం జేమీ డోనటూటో, తెగ పెద్ద లారీ క్యాంప్‌బెల్ కలిసి తయారుచేసిన ఆరోగ్య సూచికలు నాకు బాగా ఉపయోగమనిపించాయి. సమూహ బంధం, వనరుల భద్రత, సంస్కృతిలో వినియోగం, చదువు, స్వయంనిర్ణయం, తట్టుకునే శక్తి అని ఆరు. ఒక తీరంలో గుల్లలు సమృద్ధిగా ఉండి, వాటిలో విషం ఉండటం వల్ల తినకూడదని బోర్డు పెడితే, మామూలు లెక్కలో ఆ తీరం పాసైనట్టే. స్వినోమిష్ లెక్కలో అది తప్పినట్టు. ఇలాంటి సూచికలను సంఖ్యలుగా మార్చడం కష్టమని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. కష్టమే. అయినా హెక్టారుకు ఇన్ని మొక్కలన్న కొలత సులువు కాబట్టి దాన్నే పట్టుకుని, మూడేళ్లకు సగం మొక్కలు చచ్చినా విజయం ప్రకటించే అలవాటుతో పోలిస్తే ఈ కష్టం భరించదగ్గది. కెనడా తూర్పు తీరపు మిక్మా పెద్ద ఆల్బర్ట్ మార్షల్ 2004 నుంచి రెండు కళ్లతో చూడమని చెబుతూ వస్తున్నాడు. ఒక కన్ను మూలవాసుల జ్ఞానం, రెండో కన్ను విశ్వవిద్యాలయ శాస్త్రం. పరిశోధన పత్రాల్లో ఆ మాట ఇప్పుడు విరివిగా కనిపిస్తోంది. పెద్దలను ఇంటర్వ్యూ చేసి, చెప్పిందంతా రాసుకుని, పత్రం మీద తమ పేర్లు మాత్రమే వేసుకుని, తీర్మానాల్లో వాళ్లకు ఓటు లేకుండా చేసే పరిశోధన కూడా అదే మాట వాడుకుంటోంది. ఆ తేడాను పట్టుకోవడం పాఠకుడి బాధ్యత.

మన తీరానికీ ఈ ప్రశ్నలు నేరుగా వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 400 చదరపు కిలోమీటర్లకు పైగా మడ అడవులున్నాయి, ఎక్కువ భాగం గోదావరి, కృష్ణా డెల్టాల్లో. ఆ పాయల్లో చేతులతో పీతలు పట్టి, చిన్న చేపలు పట్టి బతికేవాళ్లలో యానాదులున్నారు. వాళ్లు షెడ్యూల్డ్ తెగ, ఈ తీరపు ఆదివాసులు. ఏ పాయకు పోటు ఎప్పుడు ఎక్కుతుందో, ఏ బురదలో ఏ పీత ఉంటుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. శ్రీహరికోట దీవి అడవిలో తరతరాలుగా బతికిన యానాదుల్లో చాలామంది రాకెట్ ప్రయోగ కేంద్రం వచ్చాక ఆ దీవి వదలాల్సివచ్చింది. తొంభైల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, గ్రామాలు కలిసి రెండు డెల్టాల్లో చేసిన మడ పునరుద్ధరణ మంచి పని. పూర్వం అడవిని మొదలంటా నరికిన చోట నేల పళ్లెంలా కుంగి, పోటు నీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుని మొక్క బతకని స్థితి వచ్చింది. చేప ముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి ఇరుపక్కలా చిన్న కాలువలు తవ్వి ఆటుపోట్లు మళ్లీ ఆడేలా చేశాక మడ తిరిగి లేచింది. రోగాన్ని నాటడంలో కాక నీటి నడకలో పట్టుకున్నందుకే అది నిలిచింది. కాలువ తవ్వకంలో, మొక్కల కాపలాలో ఊరివాళ్లు ఉన్నారు. అడవి మీద తుది నిర్ణయం మాత్రం శాఖ దగ్గరే ఉండిపోయింది. అక్కడే మన పద్ధతికీ హైడా గ్వాయికీ తేడా.

చట్టం లేక కాదు. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3లో, నీటి వనరుల్లోని చేపల మీదా ఇతర ఉత్పత్తుల మీదా సామూహిక హక్కును స్పష్టంగా చెప్పింది. సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కునూ చెప్పింది. మడ అడవి కూడా అడవే. కొండ ఏజెన్సీల్లో ఈ చట్టం గురించి కొంతైనా చర్చ జరిగింది, తీరంలో దాని పేరే వినపడదు. కేంద్రం 2023లో మడ అడవుల కోసం మిష్టీ అనే పథకం మొదలుపెట్టింది. మొక్కలు నాటేందుకు స్థలాలు వెతుకుతున్నారు. పీతలు దొరికే తెరిచిన బురద నేలను ఖాళీ స్థలంగా లెక్కగట్టి మొక్కలతో నింపితే, కాగితం మీద అడవి పెరుగుతుంది, యానాది ఇంట్లో పొయ్యి ఆరుతుంది. చెక్లెసెట్ అఖాతంలో జరిగింది ఇలాంటిదే.

కోరంగిలోనో నాగాయలంక వైపో నాటే ప్రతి మడ తోటకూ గీత గీయకముందు ఆ పాయలో బతికే యానాదులను, పల్లెకారులను కూర్చోబెట్టి ఏది నాటాలో, ఏది వదిలేయాలో అడగాలి. సామూహిక హక్కు పత్రాలు ఇవ్వాలి. ఐదేళ్ల తర్వాత ఎన్ని మొక్కలు బతికాయన్న లెక్కతోపాటు, ఆ ఇళ్లలో ఎన్ని రోజులు పీతల కూర వండుకున్నారన్న లెక్క కూడా అటవీశాఖ నివేదికలో ఉండాలి. తీర జిల్లాల పాఠకులు ఈ మూడు డిమాండ్లను తమ ఎమ్మెల్యేల ముందు, గ్రామసభల్లో పెట్టాలని నా విన్నపం.